ఎర్రపెన్ను కొట్టేసిన మాట

వీరేష్ చొక్కా కాలరు చిరిగి ఈరన్న చేతిలోకి వచ్చేసింది.

"నా కూతుర్ని యాడ పెట్టినావో సెప్పు," అన్నాడు ఈరన్న. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేదనిపించింది టీచరు సుధారాణికి.

"అన్నా, దేవుని మీద ఒట్టు. నిన్న శరణ్య నా ఆటో ఎక్కనే లేదు. ఆటో స్టాండులో ఏడు దాకా కాసుకోనుంటిని. తక్కిన పిల్లలు ఇండ్లకు పోవాలని గోల చేస్తే బయల్దేరినా."

"ఎక్కలేదంటే పైకొచ్చి అడగాల కదరా," మెట్ల మీద నిలబడిన గుంపులోంచి ఎవరో అన్నారు. "అడగలేదంటే ఏందర్థం?"

"వీనికి అర్థం సెప్పేది కట్టెతోనే," ఇంకొకరన్నారు.

ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే రెండు ట్రాక్టర్లలో వచ్చిన నేతపేట మనుషులు వాళ్లు. ఆదోని పత్తి మార్కెట్టు వీధిలో పాత మండీ దుకాణం మీద ఉన్న వాగ్దీపిక స్పోకెన్ ఇంగ్లిష్ హాలు నిండిపోయి, మెట్లు కూడా నిండిపోయాయి. హెడ్ కానిస్టేబులు తిక్కయ్య తన లావుపాటి ఒంటిని ఈరన్నకూ వీరేష్‌కూ మధ్య దూర్చి, ఇద్దర్నీ చెరో పక్కకు తోశాడు.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. శరణ్య కనబడక పదిహేడున్నర గంటలు. నిన్న మంగళవారం సాయంత్రం ఐదుకు క్లాసు అయిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల, ఈ మెట్లు దిగింది, అంతే. పొద్దున ఆరుకు ఆమె ఫోను నుంచి ఈరన్న ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. ఈరన్నకు ఇంగ్లిష్ రాదు. పక్కింటివాళ్లు చదివి చెప్పారు.

తిక్కయ్య ఆ ఫోను తీసుకుని మళ్లీ పైకి చదివాడు. "ఐ యామ్ వెరీ హ్యాపీ. డోంట్ సెర్చ్ మీ." తల గీరుకున్నాడు. "చూడప్పా, పిల్ల మేజరు. సంతోషంగా ఉండాను, ఎతకొద్దండని తనే రాసిండాది. అయినా ఎతుకుదాం. మేడమ్, ఆ పిల్ల రాసిన కాయితాలేమన్నా ఉంటే తీసకరాండి. స్నేహితుల పేర్లన్నా దొరుకుతాయి."

శరణ్య తల్లి గిరిజమ్మ మూల బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఆమె వీపు నిమురుతూ, మజ్జిగ గ్లాసు నోటికి అందిస్తోంది రాజేశ్వరమ్మ. ఈ దుకాణం, ఈ ఇన్‌స్టిట్యూట్, ఆలూరు రోడ్డులో పత్తి జిన్నింగు మిల్లు అన్నీ ఆమెవే. సుధారాణి అద్దెకు ఉంటున్న గది కూడా ఆమె ఇంటి పెరట్లోదే.

"తాగు గిరిజమ్మా. నీకేమన్నా అయితే పిల్ల వచ్చినంక ఎవరిని చూసుకుంటాది," అంటోంది రాజేశ్వరమ్మ.

సుధారాణి లోపలి గదిలోకి నడిచింది.

ఆ గది గోడకు ఇరవై రెండు ఇనప కొక్కేలు. వెనకటికి మండీ జరిగే రోజుల్లో పత్తి తూకం చీటీలు వాటికి గుచ్చేవారు. ఏ చీటీ ముందుదో ఏది వెనకదో వరస తప్పదు. వాటిని పీకేయకుండా సుధారాణి వాడకంలోకి తెచ్చింది. పిల్లకొక కొక్కెం. రోజూ క్లాసు మొదలుకాకముందు ప్రతి పిల్లా అరచేయంత కాగితం మీద ఒక్క వాక్యం రాయాలి. ఈ రోజు మనసెట్లా ఉంది, ఎందుకుంది. బికాజ్ లేకుండా రాస్తే మార్కు లేదు. సాయంత్రం ఎర్రపెన్నుతో దిద్ది కొక్కేనికి గుచ్చడం సుధారాణి పని. మొత్తం పది నిమిషాల్లో ముగించేది. చీటీకి అర నిమిషం కూడా పట్టదు.

పదకొండో కొక్కెం శరణ్యది. చీటీలన్నీ దారం గుచ్చి ఊడదీసింది. అడుగు నుంచి మొదలుపెట్టింది.

మే నెలవన్నీ మామూలువే. అత్త వచ్చినందుకు హ్యాపీ. కరెంటు పోయినందుకు యాంగ్రీ. నాన్న మగ్గం గుంటలో దిగి నడుము పట్టేసుకున్నందుకు శాడ్. అన్నిటికీ టిక్కులే.

జూన్ రెండో వారంలో ఒక మాట మొదలైంది. నర్వస్.

ఆ మాట ప్రతి బ్యాచికీ నేర్పేది సుధారాణే. బోర్డు మీద రాసి మరీ చెప్పింది. పరీక్షకు ముందు, ఇంటర్వ్యూకు ముందు, జరగబోయేది ఎట్లా ఉంటుందో తెలీక కడుపులో తిప్పుతుంది చూడండి, అది నర్వస్. పని అయిపోతే పోతుంది. మనకు కీడు చేసేది ఎదురుగా ఉందనుకుంటే అది స్కేర్డ్. రెండూ ఒకటి కాదు. ఒకదాని చోట ఇంకొకటి వాడకూడదు.

శరణ్య కలిపి వాడలేదు. ఇంటర్వ్యూ ప్రాక్టీసు ఉంది కాబట్టి నర్వస్‌గా ఉన్నాను అని రాసింది. మళ్లీ మూడు రోజులకు అదే వాక్యం. మళ్లీ నాలుగు రోజులకు అదే. ప్రతిదానికీ పక్కన టిక్కు, ఒకచోట గుడ్ అని కూడా.

సుధారాణి తేదీలు చూసింది. మంగళవారం. శుక్రవారం. మంగళవారం. శుక్రవారం.

వాగ్దీపికలో ఇంటర్వ్యూ ప్రాక్టీసనే క్లాసే లేదు. ఉంటే తనే చెప్పాలి. నాలుగు వారాల పాటు ఆ మాట కళ్ల ముందే ఉంటే, స్పెల్లింగు సరిగ్గా ఉందని టిక్కు కొట్టింది.

తర్వాతి చీటీ పోయిన శుక్రవారంది. 'ఐ యామ్ స్కేర్డ్ బికాజ్ దే లైక్డ్ మీ.'

నాకు భయంగా ఉంది, ఎందుకంటే నేను వాళ్లకు నచ్చాను.

స్కేర్డ్ అన్న మాట మీద ఎర్రగీత. పైన సుధారాణి చేతిరాతలోనే హ్యాపీ అని ఉంది. పక్కన చిన్న అక్షరాలతో సలహా కూడా ఉంది. నచ్చితే సంతోషిస్తాం, భయపడం, మాట మార్చు అని.

సోమవారం చీటీలో శరణ్య మాట మార్చింది. వాళ్లకు నచ్చినందుకు హ్యాపీగా ఉన్నాను. టిక్కు.

చిట్టచివరిది నిన్నటిది. 'ఐ యామ్ హ్యాపీ బికాజ్ మేడమ్ విల్ గివ్ టిక్.'

దానికీ టిక్కు ఉంది.

ఎవరా వాళ్లు? మంగళవారం, శుక్రవారం ఏముంటుంది?

ఏముంటుందో ఆదోనిలో ఈ వీధికంతా తెలుసు. ఆ రెండు రోజులూ రాజేశ్వరమ్మ ఇంట్లో లక్ష్మీపూజ. క్లాసు కాగానే ఇద్దరు ముగ్గురు పెళ్లికాని పిల్లల్ని తాంబూలానికి పిలుస్తుంది. పట్టుచీర కట్టించి, తలలో పూలు పెట్టి, ఫొటో తీసి, పసుపు కుంకుమ, రవికెగుడ్డ ఇచ్చి పంపుతుంది. ఆ సమయానికి హాల్లో ఎప్పుడూ బళ్లారి నుంచో బెంగళూరు నుంచో వచ్చిన చుట్టాలు కూర్చుని కాఫీ తాగుతుంటారు. తనను ఒక్కసారి కూడా పిలవలేదని సుధారాణి లోలోపల నొచ్చుకుంది కూడా. ఇంటర్వ్యూ ప్రాక్టీసంటే అదేనా, నచ్చింది ఆ చుట్టాలకేనా?

ఆమె చూపు పక్క కొక్కెం మీదికి పోయింది. అది శోభది. బెంగళూరులో ఉద్యోగం వచ్చిందని రెండు నెలల కింద వెళ్లిన పిల్ల. ఆ రోజు రాజేశ్వరమ్మ అందరికీ మైసూరుపాకు పంచింది. శోభకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఫోను కూడా రాలేదు. సుధారాణి దాని చివరి చీటీలు తిప్పింది. మంగళవారం, నర్వస్. శుక్రవారం, నర్వస్.

వెనక పచ్చకర్పూరం వాసన వచ్చింది.

"ఏం చదువుతాండావు సుధా?"

సుధారాణి వెనక్కు తిరిగింది. రాజేశ్వరమ్మ గడపలో నిలబడి ఉంది. నుదుట నిన్నటి పూజ కుంకుమ ఇంకా చెదరలేదు. ముఖం నిండా దయ.

"ముఖం అట్లా పాలిపోయిందేమే?"

"పోలీసాయన కాయితాలడిగినాడమ్మా."

"ఇట్లా ఇయ్యి. నేనిస్తాలే ఆయప్పకు." చేయి చాపింది.

ఇస్తే అవి పొయ్యిలోకి పోతాయి. ఇవ్వనంటే తెలిసిపోతుంది.

"వరస తప్పితే ఆయన మళ్లీ తిడతాడమ్మా. జిరాక్సు తీయించి మీకే తెచ్చిస్తా."

రాజేశ్వరమ్మ చేయి వెనక్కు తీసుకోలేదు. చీటీల దొంతర వైపు, తర్వాత సుధారాణి కళ్లలోకి చూసింది. "నీ గది తలుపుకు గొళ్లెం సరిగ్గా పడదంటివి కదా," అంది మెల్లగా. "ఒంటరి ఆడపిల్లవు. జాగ్రత్త."

ఆమె చేతిలో ఫోను మోగింది. రాజేశ్వరమ్మ కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించింది. "ఆ... జనం ఉండారు. ఒక్క బేలే. పన్నెండుకల్లా బండి బళ్లారి రోడ్డెక్కాల. నేనొచ్చి తాళం తీస్తా. మిల్లుకాడ గిడ్డయ్యకు చెప్పినా."

ఒక్క బేలు. పత్తి నొక్కి కట్టే పెద్ద మూట. ఆషాఢ మాసంలో.

ఆదోనిలో పుట్టిన ఎవరికైనా అది విన్న వెంటనే పట్టేస్తుంది. కొత్త పత్తి దసరా దాటాక గానీ మార్కెట్టుకు రాదు. పాతది రాజేశ్వరమ్మ మిల్లులో ఉగాదికే ఖాళీ అయింది. ఖాళీగా ఉందనే కదా పోయిన నెల ఇన్‌స్టిట్యూట్ వార్షికోత్సవం అదే గోడౌనులో కుర్చీలు వేసి జరిపారు. దాంట్లో దూదిపింజ కూడా లేదు. మరి లోపలున్న ఆ ఒక్క బేలు ఏమిటి?

గడియారం పదకొండుకు పది నిమిషాలు తక్కువ.

ఇక్కడే అరిచి చెప్తే? ఎవరు నమ్ముతారు? గిరిజమ్మే నమ్మదు. మజ్జిగ తాగించిన చేయి అది. ఈలోగా ఒక్క ఫోను చాలు, బండి పన్నెండు దాకా ఆగదు. సుధారాణి చీటీలు జాకెట్లో దోపుకుని హాల్లోకి వచ్చింది. నేరుగా వీరేష్ దగ్గరకు పోయి చెంప పగలగొట్టింది.

హాల్లో అందరూ అటు తిరిగారు.

"పత్తికొండ రోడ్డులో నీ ఆటో ఎందుకు నిలిపినావు నిన్న సాయంత్రం? నేను చూసినా. నడువు. యాడ దాచినావో చూపించు."

వీరేష్ నోరు తెరిచాడు. "మేడమ్, నేను పత్తికొండ ముఖమే..."

"నోరు మూసుకొని ఆటో తీయి." తిక్కయ్య వైపు తిరిగింది. "సార్, మీరూ రాండి. అమ్మానాన్నా కూడా. ఎక్కువమంది వద్దు, పారిపోతాడు."

లోపలి గది గడపలోంచి రాజేశ్వరమ్మ వింటోంది. ఆమె ముఖంలో ఏదో సడలింది. "పత్తికొండ రోడ్డా? పోండి పోండి, ఆలస్యం చేయద్దండి. ఆ తల్లి దయ," అంది.

ఆటో మార్కెట్టు వీధి మలుపు తిరిగేదాకా సుధారాణి మాట్లాడలేదు. ముందు సీట్లో వీరేష్ పక్కన తిక్కయ్య ఒంటి పిర్ర మీద కూర్చున్నాడు. వెనక ఈరన్న, గిరిజమ్మ, తను.

"వీరేష్, ఎడమకు తిప్పు. ఆలూరు రోడ్డు. నిన్ను కొట్టినందుకు తప్పయింది తమ్ముడా. వేరే దారి లేకపోయింది."

"ఈ చెంప పోతే పోయింది మేడమ్," అన్నాడు వీరేష్, అద్దంలో చూసుకుంటూ. "పొద్దుట్నుంచి తిన్న దెబ్బల్లో మీదే చిన్నది. యాడికి పోవాల?"

చెప్పింది. చీటీలు తీసి, తేదీలు చదివి, మాట మాటకూ తెలుగు చెప్పింది. పొద్దుటి మెసేజ్ ఆ ఫోను లాక్కున్నవాళ్లు పెట్టిందే అంది. తను కొట్టేసిన మాటనూ దాచకుండా చెప్పింది. ఎవరి ఇంట్లో పూజో, ఎవరి మిల్లో, తనుగా పేరెత్తలేకపోయింది. ఎత్తాల్సిన పనీ లేకపోయింది.

గిరిజమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదు. ఆ తల్లి నాకు మజ్జిగ తాపింది."

ఈరన్న రోడ్డు వైపే చూస్తున్నాడు.

"మేడమ్," అన్నాడు తిక్కయ్య చివరికి, "చీటీలు నిజమే. కానీ లోపల ఏమీ లేకపోతే నా టోపీ పోతాది. వాళ్లు చిన్నోళ్లు కాదు."

"ఉంటే, మనం పోకపోతే?"

తిక్కయ్య ఫోను తీసి స్టేషనుకు కలిపి, జీపు ఆలూరు రోడ్డుకు పంపమన్నాడు.

మిల్లు గేటు సగం తెరిచి ఉంది. ఆవరణలో కర్ణాటక నంబరు ప్లేటుతో తెల్ల వ్యాను, అద్దాలకు నల్ల తెరలు. డ్రైవరు సీటు ఖాళీ, ఇంజను మాత్రం నడుస్తోంది. టైము పదకొండూ ఇరవై. గోడౌను షట్టరుకు అరచేయంత తాళం. దాని ముందు స్టూలు మీద కాపలా మనిషి గిడ్డయ్య. ఖాకీ చూడగానే లేచి, రెండడుగులు వెనక్కు వేసి, ఫోను నొక్కాడు.

"తాళం తీయి," అన్నాడు తిక్కయ్య.

"తాళంచెవి నా దగ్గర లేదు సార్. అమ్మ దగ్గర ఉండాది. వస్తాండాది."

రావడానికి పట్టింది ఎనిమిది నిమిషాలు. ఆ ఎనిమిది నిమిషాలూ సుధారాణి ఆ షట్టరు వైపే చూస్తూ నిలబడింది. లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. తను తప్పు లెక్క వేసిందేమో. నిజంగానే బేలేమో. లేకపోతే చప్పుడు చేసే స్థితిలో పిల్ల లేదేమో.

కారు వచ్చి ఆగింది. రాజేశ్వరమ్మ దిగింది. గేటు నుంచి షట్టరు దాకా నింపాదిగా నడిచి వచ్చింది.

"ఏం తిక్కయ్యా? పత్తికొండ రోడ్డు ఈడికి ఎప్పుడొచ్చింది?"

తిక్కయ్య చేతులు కట్టుకున్నాడు. "ఒకసారి చూసి పోతామమ్మా."

"సోదా చేసే కాయితం ఉందా? స్టేషను నుంచి తెచ్చుకో. నేనే తెరుస్తా." సుధారాణి వైపు చూసి నవ్వింది. "దీనికి తల తిరిగినట్లుంది. రాత్రి నిద్ర లేదు పాపం."

అప్పుడు లోపల చప్పుడైంది. రేకు మీద కట్టె తగిలినట్లు. రెండు దెబ్బలు, చిన్న ఆగుడు. మళ్లీ రెండు దెబ్బలు, ఆగుడు.

"పందికొక్కులు," అంది రాజేశ్వరమ్మ. "పత్తిగింజ వాసనకు వస్తాయి."

ఈరన్న షట్టరుకు చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. అది మగ్గం మీద పోగు వేసి కొట్టి, పోగు వేసి కొట్టే చప్పుడు. తన ఇంట్లో ఊయలలో ఉన్నప్పటి నుంచీ ఆ పిల్ల వింటూ పెరిగిన చప్పుడు.

"పందికొక్కులు నేత నేయవు తల్లీ," అన్నాడు.

వీరేష్ అప్పటికే ఆటోలోంచి జాకీ రాడ్డు తెచ్చాడు. తిక్కయ్య ముఖం పక్కకు తిప్పుకుని, "నేను చూడలేదు," అన్నాడు. నాలుగో దెబ్బకు తాళం ఊడింది.

బేళ్లు నొక్కే పాత యంత్రం వెనక శరణ్య దొరికింది. నిన్న కట్టించిన పట్టుచీరలోనే ఉంది. కాళ్లూ చేతులూ తాడుతో కట్టేసి, నోటికి గుడ్డ. ముడి వదులైన ఒక చేతిలో చెక్క ముక్క. గిరిజమ్మ కూతురి మీద పడిపోయింది. ఈరన్న కట్లూ నోటి గుడ్డా విప్పాడు. పిల్ల ఏడవలేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాయి కానీ ఎవర్నీ చూడటం లేదు.

బయట జీపు చప్పుడు వినిపించింది. వ్యాను వెనక నుంచి ఎవడో గోడ దూకాడు. కానిస్టేబుళ్లు వాడి వెంట పరిగెత్తారు.

అందరికంటే ముందు నోరు తెరిచింది రాజేశ్వరమ్మే. వంగి, శరణ్య తలను తన గుండెకు హత్తుకుంది. "నా తల్లే. నా మిల్లులోనే తెచ్చి దాచినాడా ఆ చండాలుడు? భయపడద్దు. ఆ వీరేషే కదా? పేరు సెప్పాల్సిన పనిలేదు. తల ఊపు చాలు."

ఆమె వేళ్లు పిల్ల మెడ వెనక బిగుసుకోవడం సుధారాణికి కనబడింది. తిక్కయ్యకూ కనబడిందో లేదో తెలీదు. గిరిజమ్మ వీరేష్ వైపు తిరిగింది. గుమ్మంలో రాడ్డు పట్టుకుని నిలబడ్డ వీరేష్ ఒకడుగు వెనక్కు వేశాడు.

"ఎవరమ్మా?" తిక్కయ్య అడిగాడు. "ఎవరు సేసినారు?"

శరణ్య గడ్డం కదిలింది. ఎటు కదిలిందో తెలీలేదు.

సుధారాణికి భయం పోలేదు. పోతుందేమో అని చూసింది, పోలేదు. గొళ్లెం పడని తన గది తలుపు కళ్ల ముందు మెదిలింది. ఆ భయంతోనే నాలుగడుగులు వేసి, మోకాళ్ల మీద కూర్చుని, శరణ్య మెడ వెనక ఉన్న ఆ బంగారు గాజుల చేతిని పట్టుకుని తీసి పక్కన పెట్టింది.

"సుధా," అంది రాజేశ్వరమ్మ. మెత్తగానే అంది.

సుధారాణి అటు చూడలేదు. "శరణ్యా. నీ చీటీలు నేను ఇంతకుముందు చదవలేదు. దిద్దినా, అంతే. ఈ పొద్దు చదివినా. మొదటి నుంచి, ఒక్కొక్కటీ." ఆగింది. "నువ్వు నిమ్మళంగా సెప్పు. ఎంతసేపైనా వింటా. ఈడ ఎవరూ నిన్ను ముట్టుకోరు."

శరణ్య కళ్లు మెల్లగా కదిలాయి. ముందు టీచరు ముఖం మీదికి. అక్కడ చాలాసేపు ఆగాయి, నమ్మొచ్చా లేదా అని వెతుకుతున్నట్లు. తర్వాత తండ్రి మీదికి. తర్వాత ఆ బంగారు గాజుల మీదుగా పైకి, కుంకుమ బొట్టు దాకా.

గుడ్డ కుక్కి ఎండిపోయిన గొంతు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి మాట వచ్చింది, గోడౌనులో ఉన్న అందరికీ వినబడేంత గట్టిగా.

"ఈమే. రాజేశ్వరమ్మ."